ప్రమాదరహిత గోడ

"ఇకమీదట ఈ దేశంలో ఏ కార్మికుడి తలమీదా ఇటుక పడదు" అని మంత్రిగారు ఫరీదాబాద్‌లో ప్రకటించారు. ఆ సమయంలో ఆయన తలమీద హెల్మెట్, మెడలో మూడు దండలు ఉన్నాయి కాబట్టి, ఆయనవరకు ఆ హామీ అప్పటికే అమల్లోకి వచ్చేసింది.

సందర్భం, తాపీపని శిక్షణ కేంద్రంలో ఆరోగ్య భద్రతా విభాగం ప్రారంభోత్సవం. డిప్యూటీ డైరెక్టర్ జనార్దనరావుగారు మన తెనాలివారు. "మన తెలుగు పేపర్లో నాలుగు ముక్కలు రాయండి మాస్టారూ" అని పిలిస్తే వెళ్లాను. సమోసా ముక్కలు కూడా దక్కాయి.

మంత్రిగారు లాంఛనంగా ఒక్క ఇటుక పెట్టాలి. కానీ టీవీ బళ్లు బదర్‌పూర్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాయి. కెమెరా చూడని ఇటుక ఇటుకే కాదు గనక, మంత్రిగారు తాపీ పట్టుకుని తాపీగా ఇటొక ఇటుక, అటొక ఇటుక పెడుతూ పోయారు. రాజకీయాల్లో నాలుగు గోడలు దూకిన మనిషి, గోడ కట్టడం ఇదే మొదలు. బళ్లు వచ్చేసరికి గోడ మనిషెత్తు లేచింది. నేర్పించే మేస్త్రీ మాణిక్యం, దారానికి కట్టిన గుండు వేలాడదీసి నిలువు చూడబోతే పీఏ అడ్డం వచ్చాడు.

"మంత్రీజీ కో చెక్ కరోగే?"

మాణిక్యం పాలమూరు మనిషి. సాయంత్రం గడ్డపార పట్టుకొచ్చాడు. శిక్షణలో గోడలన్నీ సిమెంటు లేకుండా, ఉత్త సున్నం, ఇసుకతో కడతారు. పొద్దుగూకగానే విప్పేసి, ఇటుకలు గీకి, మర్నాడు మళ్లీ వాడతారు. అక్కడ ఆనవాయితీ అది.

"ఏంటయ్యా, మంత్రిగారి గోడమీద గడ్డపారా?" అన్నారు జనార్దనరావుగారు.

"గిది ఉండనీకి కట్టింది గాదు సార్. పడుతది."

"మీ ఇంటి గోడ పడుతుంది. ఇది గవర్నమెంటు గోడ. దీనికి పడే అధికారం లేదు."

మర్నాడే దానికి మంత్రిగారి పేరుతో పాలరాతి పలక బిగించారు. ఆ బరువుకి గోడ ముందుకు వంగింది. ఈ పథకం వల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదని ప్రతిపక్షాలు ప్రచారం చేస్తున్నాయి. పచ్చి అబద్ధం. గోడ ఒరిగింది. నేను కళ్లారా చూశాను.

భద్రతాధికారి అన్నపూర్ణేశ్వరి కాంట్రాక్టు ఉద్యోగి. గోడ గురించి తన గోడు చెప్పుకోవడానికి జనార్దనరావుగారి దగ్గరకు వచ్చింది.

"శిక్షణకొచ్చిన పిల్లలు రోజంతా దాని కిందే పనిచేస్తున్నారు సార్. మొదటి సూత్రం, ప్రమాదాన్ని తొలగించాలి. గోడ తీసేద్దాం."

"రెండో సూత్రం చెప్పమ్మా."

"తొలగించలేకపోతే మనుషుల్ని దూరంగా ఉంచాలి. కానీ సార్..."

"అచ్ఛా. ముందే ఈ సూత్రం చెప్పాల్సింది."

గోడకు ముందువైపు వెదురు బొంగులు ఆనించి, పిల్లల్ని గదిలోకి మార్చారు. ఇటుకలు యార్డులోనే ఉండిపోయాయి గనక, తాపీపని ప్రొజెక్టర్ మీద నేర్పారు. ఎవరి కంట్లోనూ సున్నం పడలేదు. ఎవరి కాలిమీదా ఇటుక పడలేదు. ఎవరికీ పని కూడా పట్టుబడలేదనుకోండి, అది భద్రతా విభాగం పరిధిలోకి రాదు. సున్నంతో మొదలైన కేంద్రం ఆ విధంగా సున్నా ప్రమాదాలకు చేరుకుంది. అవార్డు వచ్చింది.

అవార్డూ, పిల్లల సర్టిఫికెట్లూ తన గోడ ముందే ఇస్తానని మంత్రిగారు కబురు పెట్టారు.

ముందుగా వచ్చిన సెక్యూరిటీ ఇన్‌స్పెక్టర్ గోడను ఒక్కసారి చూసి, "యే తో గిరేగీ" అన్నాడు. పడుతుందని అన్నపూర్ణేశ్వరి ఇన్నాళ్లుగా చెబుతున్న మాటే. నడుముకి తుపాకీ ఉన్నవాడు చెప్పేసరికి అందరికీ అర్థమైంది. గోడకు బాగా ఎడంగా ముగ్గుతో గీత గీశారు. మంత్రిగారు ఆ గీత దాటకూడదు.

ఫోటోగ్రాఫర్‌కు వేరే బాధ. "బాంబూ హటాయియే సర్. దీవార్ బీమార్ లగ్ రహీ హై." బొంగులు ఆనించి ఉంటే గోడ జబ్బుమనిషిలా కనిపిస్తోందట.

బొంగులు తీసేసి, వాటి స్థానంలో మానవ వనరులను నియమించారు. ఒక్కో బొంగు చోట ఒక్కో శిక్షణార్థి, వీపు గోడకు ఆనించి, కాళ్లు నేలకు తన్ని.

"సార్, పిల్లల్ని అక్కడ పెట్టకండి" అంది అన్నపూర్ణేశ్వరి.

"అయిదు నిమిషాలేనమ్మా. నీ కాంట్రాక్టు సంగతి కూడా ఇవాళే చూద్దామనుకుంటున్నా" అన్నారు జనార్దనరావుగారు.

మధ్యలో నిలబడిన భానుశ్రీ పాలమూరు కూలీల బిడ్డే. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో ఇస్తుంది. "అంకుల్, హిల్ రహీ హై" అంది మెల్లగా.

"కదులుతది బిడ్డా. నువ్వు కదలకు" అన్నాడు మాణిక్యం.

మంత్రిగారు గీత ఇవతల నిలబడి ప్రసంగించారు. "కార్మికుల వెనక మా ప్రభుత్వం గోడలా నిలబడింది" అన్నారు. ఇంత నిజం పలికిన మంత్రిని నా సర్వీసులో నేను చూడలేదు. గీతను ఒక్క అంగుళం కూడా దాటలేదు. భద్రతా నియమాలంటే అంత నిష్ఠ.

తర్వాత సర్టిఫికెట్ చేతిలోకి తీసుకుని, "భానుశ్రీ" అని చదివారు.

భానుశ్రీ కదల్లేదు.

"శర్మావో మత్ బేటీ, ఆవో." సిగ్గుపడుతోందని మంత్రిగారు ముచ్చటపడ్డారు.

అన్నపూర్ణేశ్వరి చేతిలో ఉన్న ఫైలు కుర్చీలో పెట్టి, గోడ దగ్గరకు నడిచింది. భానుశ్రీ పక్కన చేరి వీపు ఆనించి, కాళ్లు తన్నిపెట్టింది. "ఇప్పుడు వెళ్లమ్మా" అంది. చప్పట్లు మోగాయి.

"మహేష్" అని చదివారు మంత్రిగారు. ఈసారి మాణిక్యం వెళ్లి ఆనుకున్నాడు. మళ్లీ చప్పట్లు.

"ఇంద్రజ."

జనార్దనరావుగారు చుట్టూ చూశారు. గీతకు ఇవతల అధికారులందరూ చప్పట్లకు చేతులు సిద్ధంగా పెట్టుకుని ఉన్నారు. ఆయన చూపు తిరిగి తిరిగి నా మీద ఆగింది.

"మాస్టారూ" అన్నారు.

పత్రికలవాళ్లం ఏ పక్షానికీ ఆనుకోకూడదు. నేను పెన్ను తీసి రాసుకోవడం మొదలుపెట్టాను.

మంత్రిగారు ఆ పేరు మళ్లీ చదివారు.