నాలుగువేలమందిలో ఒక్కడు

పదిహేను రోజుల్లో నాలుగు వేల మంది విద్యార్థులకు మానసిక ఆరోగ్యంలో సంపూర్ణ అక్షరాస్యత సాధించి తీరుతామని ఉన్నతవిద్యా మంత్రిగారు కైరోలో ప్రకటించారు. ఆ నాలుగు వేల మందీ నైలు డెల్టాలోని ఒకానొక విశ్వవిద్యాలయం వాళ్లు. అప్పటికి వాళ్లకు పరీక్షలు జరుగుతున్నాయి. అయితే మహత్కార్యాలు పరీక్షల కోసం ఆగవు.

బాధ్యత యువజన సంక్షేమ శాఖాధికారి రిఫాత్ మీద పడింది. రిఫాత్ ఇరవై రెండేళ్ల సర్వీసులో ఏ ఫారంలోనూ ఒక్క గడి కూడా ఖాళీగా వదలని మనిషి. మొదటి అవగాహన సదస్సుకు విద్యార్థులు రాకపోతే తోటమాలులతో, హాస్టల్ వంటవాళ్లతో హాలు నింపేశాడు. వాళ్లు శ్రద్ధగా విని, చివర్లో జీతాలెప్పుడని అడిగారు.

బ్యానర్లు పెట్టడానికి చోటు చాలక, విశ్వవిద్యాలయంలోని ఒకే ఒక్క మానసిక నిపుణురాలు డాక్టర్ నగ్లా గదిని వాడుకున్నారు. ఆవిడ రెండు వారాలుగా వరండాలో నిలబడే పిల్లల కష్టసుఖాలు వింటోంది.

ఇక మిగిలింది ప్రశ్నపత్రాలు. పేర్లు అక్కర్లేదు, గోప్యత. విద్యార్థులెవరూ తీరిగ్గా లేరు గనక రిఫాతే కూర్చుని నింపాడు. నిద్ర పడుతోందా? హాయిగా. ఆకలి? బ్రహ్మాండం. భవిష్యత్తు మీద ఆశ? పుష్కలం. మూడు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది మందిని అలా ఆరోగ్యవంతుల్ని చేసి, నాలుగువేలవ కాగితం దగ్గర కలం ఆపాడు. పదకొండు నెలలుగా రిఫాత్‌కు నిద్ర లేదు. తెల్లవారుజామున ఫజర్ అజాన్ ఏ మసీదులో ఎన్ని నిమిషాలు ఆలస్యమవుతుందో చెప్పగలడు. ఏం బుద్ధి పుట్టిందో, ఆ ఒక్క కాగితంలో ఉన్నదున్నట్టు రాసేశాడు. రాశాక కొంచెం తేలికపడ్డట్టు అనిపించింది కూడా. అన్నీ కట్టగట్టి పంపించాడు.

వారం తిరక్కుండా విశ్వవిద్యాలయ అధ్యక్షుడు డాక్టర్ గలాల్ పిలిపించాడు.

"ఎవడయ్యా వీడు? నాలుగు వేల మందిలో ఒకడికి 'తక్షణం వైద్యం అవసరం' అని తేల్చింది కంప్యూటరు!"

"తెలీదండీ. పేర్లు రాయించలేదు కదండీ."

"అందరూ హాయిగా ఉంటే వీడికొచ్చిన మాయరోగం ఏమిటంట? నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

అంతలో కైరో నుంచి ఫోన్ మోగింది. డాక్టర్ గలాల్ లేచి నిలబడి మాట్లాడాడు. పెట్టేశాక మొహం మతాబాలా వెలిగిపోతోంది.

"మిగతా విశ్వవిద్యాలయాలన్నీ నూటికి నూరు శాతం చూపించాయట. పత్రికలవాళ్లు నవ్వుతున్నారట. మన లెక్క ఒక్కటే నమ్మేలా ఉందట! బుధవారం మంత్రిగారు స్వయంగా వచ్చి ఆ రోగిని పరామర్శిస్తారు. పట్టుకొచ్చే పూచీ నీది."

నేనే అని చెప్పడానికి రిఫాత్ నోరు తెరిచాడు.

"విద్యార్థే అయ్యుండాలి సుమా! ఉద్యోగికి ఇలాంటి జబ్బుందంటే మన పరువేం కాను?"

రిఫాత్ నోరు మూసుకున్నాడు.

నాటకాల బృందంలో బసంత్ అనే పిల్ల ఉంది. రోగి వేషం కడితే, ఎగ్గొట్టిన క్లాసులకు హాజరు వేయిస్తానని రిఫాత్ అంటే ఒప్పుకుంది. మొదటి రిహార్సల్‌లోనే గుండెలు బాదుకుని శోకాలు పెట్టింది.

"అలా కాదమ్మా. ఏడుపు రాదు. వస్తే బాగుండును."

"మరేం చెయ్యాలి సార్?"

"పొద్దున్నే బూట్లు వేసుకోవడానికి కూర్చుంటావు. ఒకటి వేసుకుంటావు. రెండోది చేతిలో పట్టుకుని అరగంట అలాగే కూర్చుంటావు."

"రెండోది ఎందుకు వేసుకోను?"

"అదే తెలీదు. ఫూల్ గింజల కూర తింటే గడ్డి నమిలినట్టుంటుంది. నలుగురిలో అందరికన్నా ముందు నువ్వే నవ్వుతావు, ఎవరూ అడక్కుండా."

"ఇవన్నీ మీకెలా తెలుసు సార్?"

"మన కరపత్రంలో ఉన్నాయి."

బసంత్ కరపత్రం తిరగేసి చూసింది. ఒకవైపు మంత్రిగారి ఫోటో, రెండోవైపు డాక్టర్ గలాల్ ఫోటో ఉన్నాయి. ఆమె ఒక బూటు విప్పి చేతిలో పట్టుకుని కూర్చుంది.

బుధవారం మంత్రిగారు వేంచేశారు. బసంత్ వేదిక మీద చేతిలో బూటుతో కూర్చుని ఒక్కో మాటే చెబుతుంటే, హాల్లో తోటమాలులు సైతం కళ్లు తుడుచుకున్నారు. మంత్రిగారు ఆమె తల మీద చెయ్యి వేశారు.

"బాగా చదువుకో తల్లీ. అంతా సర్దుకుంటుంది. ఏదీ, ఒక్కసారి నవ్వు!"

బసంత్ నవ్వింది. కెమెరాలు మెరిశాయి. రోగం నయమైందని మంత్రిగారు అక్కడికక్కడే ప్రకటించారు. ఆయన డాక్టర్ గలాల్‌కు జ్ఞాపిక ఇచ్చారు, డాక్టర్ గలాల్ ఆయనకు ఇంకా పెద్ద జ్ఞాపిక ఇచ్చాడు.

చివరి వరసలో కూర్చున్న డాక్టర్ నగ్లా మాత్రం వేదికకేసి చూడలేదు. పక్క తలుపు దగ్గర నిలబడి, బసంత్ చెప్పే ప్రతి మాటకూ ఒక క్షణం ముందే పెదాలు కదుపుతున్న రిఫాత్‌నే చూసింది. జనం వెళ్లాక దగ్గరికొచ్చింది.

"శుక్ర, శని సెలవులు కదా, ఆదివారం పదింటికి నా గదికి రండి. ఆ అమ్మాయిని తేవద్దు."

"బ్యానర్లు తీయించడానికాండీ?"

"ముందు రండి."

ఆదివారమని తలుచుకుంటే రిఫాత్‌కు ఆ రాత్రి రెండు గంటలు కునుకు పట్టింది.

గురువారం కైరో నుంచి ఉత్తర్వు దిగింది. విశ్వవిద్యాలయంలోని ఏకైక రోగికి మంత్రివర్యుల చేతుల మీదుగా నయమైనందున, నిపుణురాలి పోస్టు సోమవారం నుంచి రద్దు చేయవచ్చునా? మిగిలిన రోగుల సంఖ్యను యువజన సంక్షేమ శాఖాధికారి ధ్రువీకరించవలెను. కింద చిన్న గడి ఉంది.

"రాయవయ్యా, మనిషి కాచుకునున్నాడు," అన్నాడు డాక్టర్ గలాల్.

రిఫాత్ ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఒక గడి దగ్గర అంతసేపు ఆగాడు. తర్వాత సున్నా రాసి సంతకం చేశాడు.

ఆదివారం పదింటికి ఉత్తర్వు నకలు పట్టుకుని వెళ్లాడు. డాక్టర్ నగ్లా బ్యానర్లు జరిపి రెండు కుర్చీలకు చోటు చేసింది. కాగితం చదివింది. సున్నానీ, దాని కింద సంతకాన్నీ చూసింది. పకపకా నవ్వింది.

"సోమవారం నుంచి కదా! ఇవాళ ఆదివారమే. ఆ తలుపు వేసి కూర్చోండి."

రిఫాత్ తలుపు వేసి, మంత్రిగారి నిలువెత్తు బొమ్మ పక్కన కూర్చున్నాడు.

"ఇప్పుడు చెప్పండి," అందావిడ. "ఆ రెండో బూటు ఎప్పట్నుంచి?"

"పదకొండు నెలల్నుంచండీ," అన్నాడు రిఫాత్.