గట్టి పాస్‌వర్డుల పోటీ

అడవి పెద్దదే గానీ, అందులో మడుగు ఒక్కటే. ఎండాకాలం తోపులాట పడలేక జంతువులు నీళ్ళ వంతుల్ని ఫోన్లో బుక్ చేసుకునే ఏర్పాటు పెట్టుకున్నాయి. అందరి పాస్‌వర్డూ ఒకటే: మడుగు123.

"ఇలా అయితే కొంపలు మునుగుతాయి" అన్నాడు భద్రతాధికారి గవర్రాజు అనే ముంగిస. "పాస్‌వర్డ్ పొడుగ్గా ఉండాలి. అంకెలుండాలి, గుర్తులుండాలి. ఎవరికీ చెప్పకూడదు."

మాట మంచిదే. అందరూ మార్చుకున్నారు.

వారం తిరక్కుండా గవర్రాజే ఒక పోటీ పెట్టాడు. అందరికన్నా గట్టి పాస్‌వర్డ్ ఎవరిదైతే వారికి శాలువా, సన్మానం!

అడవిదున్న వెంకటస్వామి మైకు లాక్కుని, "బురద@44పొర్లుదండాలు!" అని రంకె వేశాడు. చప్పట్లు మోగాయి. వెనకవాళ్ళకి వినపడలేదంటే జింక తనది రెండుసార్లు చదివింది.

ముళ్ళపంది సీతాలు వంతు వచ్చింది.

"నాది చెప్పను బాబూ."

"చెప్పకపోతే మార్కులెలా వేస్తామమ్మా?" అన్నాడు గవర్రాజు.

"సున్నా వేసుకో."

వేశాడు.

మర్నాటికల్లా అందరి తెల్లవారుజాము వంతులూ మాయం! ఎవరు కొట్టేశారో తెలియదు. మిగిలినవన్నీ మిట్టమధ్యాహ్నం వంతులే. దాహానికి జింకపిల్ల సొమ్మసిల్లిపోయింది. వెంకటస్వామి లబోదిబోమన్నాడు.

అప్పుడే స్నానం చేసి వచ్చిన గవర్రాజు తల తుడుచుకుంటూ, "ఇంకాస్త గట్టివి పెట్టుకోవాల్సింది" అని నిట్టూర్చాడు.

సీతాలు వంతు ఒక్కటే చెక్కుచెదరలేదు. ఆమెకి సంగతి అర్థమైంది. సన్మానం రోజున సభలో లేచి నిలబడింది.

"బాబూ, మొదటి బహుమతి దున్నగారికి ఇస్తున్నావంటే, ఆయన పాస్‌వర్డు నీదానికన్నా గట్టిదనేగా?"

గవర్రాజు ఒంటిమీద బొచ్చు నిక్కబొడుచుకుంది.

"దున్నదా? నాదానికన్నానా? నాది వినండి! పామంటే0భయం#అత్తగారంటే100భయం!"

మరుక్షణం సభంతా టకటకా ఫోన్లు నొక్కిన చప్పుడు.

అందరికన్నా ముందు అతని ఖాతాలో దూరింది ముందు వరసలో కూర్చున్న అత్తగారే. చూస్తే, పోయిన వంతులన్నీ అక్కడే ఉన్నాయి! ఎవరివి వాళ్ళకి పంపేసి, అల్లుడి పేరు మధ్యాహ్నం రెండింటికి వేసింది.

"అత్తయ్యగారూ, ఆ ఎండలో చచ్చిపోతానండీ!"

"గొడుగు పంపిస్తాలే నాయనా" అంది ఆవిడ, పాస్‌వర్డు కూడా మార్చేస్తూ.

పాస్‌వర్డ్ ఎంత గొప్పదైతే, నోరు మూసుకుని ఉండటం అంత కష్టం.