టార్చిలైటుకు తగిన బ్యాటరీలు

బీమా కంపెనీలో ప్రమాదాల అంచనా విభాగానికి అధికారి అయిన ఒక పెద్దమనిషి తన ఇంటి టార్చిలైటుకు రెండు బ్యాటరీలు కొనదలచినట్టు ఇందుమూలంగా అందరికీ తెలియజేయడమైనది.

ఆ టార్చి ఏడాదికి రెండుసార్లు వెలుగుతుంది. అదీ మంచం కిందికి దొర్లిన మాత్రను వెతకడానికి. ఈసారి ఎంత నొక్కినా వెలగలేదు. మూత విప్పితే బ్యాటరీలు కారి, తెల్లగా పొంగి, స్ప్రింగును పట్టుకున్నాయి.

"దానికేముంది, ఇంకో రెండు వేస్తే సరి" అంది భార్య.

ఇలా అనేవాళ్ల వల్లే తన శాఖకు పని దొరుకుతోందని లోలోపల అనుకుని, ఆయన కొత్త ఫైలు తెరిచాడు.

విచారణ మూడు వారాలు సాగింది. మామూలు బ్యాటరీలు చవకే గాని కారతాయి. ఆల్కలైన్‌వి ఎక్కువ కాలం వెలుగుతాయి గాని, వాడకుండా వదిలేస్తే అవీ అంతే. ఛార్జింగువి ఏ పనీ చేయకుండానే నీరసించిపోతాయి. ఇది చదివినప్పుడు ఆయనకు ఎందుకో తన సర్వీసు గుర్తొచ్చింది. లిథియంవి పదేళ్లు చెక్కుచెదరవు. ధర చూస్తే మనమే చెదురుతాం.

"నాలుగోసారి వచ్చారు సార్. ఇంతకీ టార్చి ఎంతసేపు వాడతారు?" అన్నాడు కరెంటు సామాన్ల షాపాయన.

"ఏడాదికి నాలుగు నిమిషాలు."

షాపాయన తల గోక్కున్నాడు.

"వాడని వస్తువే నమ్మకంగా ఉండాలయ్యా! వాడేదాన్ని రోజూ కళ్లారా చూసుకుంటూనే ఉంటాం" అని అధికారి ఉద్బోధించి, తన మాట తనకే నచ్చి, దాన్ని ఫైలులో రాసుకున్నాడు. లిథియంవే కొన్నాడు. టార్చిలో ఉంచితే పొరపాటున స్విచ్చి పడుతుందేమోనని వాటిని విడిగా, భద్రంగా దాచాడు. ఎంత భద్రంగానంటే, మర్నాటికి ఆయనకే ఆచూకీ లేదు.

ఆ వారమే ఒక సాయంత్రం వానకు కరెంటు పోయింది. ఆయన తల్లి కింది అంతస్తులో దర్జీ ఇంటికి వెళ్లి ఉంది.

"ఏవండీ, అత్తయ్య మెట్ల మీదుంటారు! లైటు పట్టుకెళ్లండి!"

ఆయన ఒక్కో సొరుగూ తడమడం మొదలుపెట్టాడు. బ్యాటరీలు దొరకాలంటే వెలుగు కావాలి, వెలుగు రావాలంటే బ్యాటరీలు కావాలి. జేబులో ఫోనుంది, దానికి లైటూ ఉంది. అయితే ఫైలులో ఎక్కడా దాని ప్రస్తావన లేదు.

మెట్ల మీద ధబ్బుమన్న చప్పుడు. భార్య తన ఫోను వెలిగించి పరిగెత్తింది. వెనకే ఆయనా, చేతిలో ఖాళీ టార్చితో.

మలుపులో తల్లి చీలమండ పట్టుకుని కూర్చుని ఉంది. ఆయన ఆమె పాదాన్ని ఒళ్లోకి తీసుకున్నాడు. "పాడు కరెంటు!" అన్నాడు.

"కరెంటేం చేసిందిరా? ఇక్కడ బల్బు మాడిపోయి ఏడాదైంది. మెట్లు లెక్కపెట్టుకుని ఎక్కుతున్నా. ఇవాళ లెక్క తప్పింది."

"నాకొక్క మాట చెప్పొచ్చుగా అమ్మా!"

"నువ్వూ రోజూ ఈ మెట్లే కదరా ఎక్కేది?"

ప్రమాదాల అంచనా అధికారి తలెత్తి, మాడిన బల్బును మొదటిసారి చూశాడు.

ఆదివారం రాత్రి మేడ మీద నివాసుల సంఘం అత్యవసరంగా సమావేశమైంది. "తల్లి పడిపోయినా ధైర్యం కోల్పోని ఈ దూరదర్శి మన భవనానికే వెలుగు!" అని కార్యదర్శి గద్గద స్వరంతో ప్రసంగించాడు. అంతస్తుకో టార్చి కొనాలని, తగిన బ్యాటరీల ఎంపికకు ఒక సంఘం వేయాలని తీర్మానించారు. బల్బు సంగతి చెబుదామని ఆయన లేచాడు. సరిగ్గా అప్పుడే ఆ ఎంపిక సంఘానికి ఆయన్నే అధ్యక్షుడిగా ప్రకటించారు. ఆయన కృతజ్ఞతలు చెప్పి కూర్చున్నాడు.

సభ ముగిశాక అందరూ ఫోన్లు వెలిగించుకుని మెట్లు దిగారు. మలుపు రాగానే, "జాగ్రత్తండీ, ఇక్కడ చీకటి" అని ఒకరినొకరు ఎంతో బాధ్యతగా హెచ్చరించుకున్నారు.