అల్లుడుగారు ఒలికించిన నీళ్ళు

జ్వరం తగ్గిపోయింది కనుక కిటికీ పక్క మంచం తాతను ఆ రోజు ఇంటికి పంపెయ్యాలని వార్డులో అందరూ అనుకున్నారు. బస్సు డ్రైవరుగా జీవితమంతా జనాన్ని ఇళ్ళకు చేర్చిన ఆ తాతకు మాత్రం సొంత ఇంటికి వెళ్ళాలని లేదు. భార్య పోయాక ఆ ఇంట్లో తాళం తీసేదీ తనే, "వచ్చావా?" అని అడిగేదీ తనే.

ఇంతలో మందులు మోసే రోబో వచ్చి మంచం పక్కన ఆగింది. ఎదురొస్తే అందరూ తప్పుకుని దారివ్వాలి, పనికన్నా మర్యాద ఎక్కువ; అందుకే వార్డంతా దాన్ని అల్లుడుగారు అనేవారు. హైడ్రోజన్‌తో నడుస్తుంది కనుక పొగకు బదులు నీళ్ళు వదులుతుంది. ఆ నీళ్ళు పట్టే డబ్బా చిట్లిన సంగతి ఎవరూ చూడలేదు. తాత కబుర్లు చెబుతూ దాన్ని కాసేపు ఆపాడు. అది కదిలాక మంచం కింద చిన్న మడుగు తేలింది.

నర్సు గొంతు తగ్గించింది. "అయ్యో, ఇలా ఉంటే ఇంటికెలా పంపుతాం తాతా? ఎన్నాళ్ళనుంచి?"

ఆ మడుగు తనది కాదని తాతకు తెలుసు. అయినా, "ఈ మధ్యేనే తల్లీ," అన్నాడు.

ఇక సేవ మొదలైంది. ముందు మంచినీళ్ళు ఆపేశారు. తర్వాత పరీక్షలన్నీ చేశారు. మధ్యాహ్నం అల్లుడుగారు మళ్ళీ దయచేశారు, మడుగు పెద్దదైంది. ఆయా గుడ్డ తెచ్చి తుడిచింది. నీళ్ళు తాగని మనిషి ఇంత ధారాళంగా పోస్తున్నాడంటే ఇదేదో అరుదైన జబ్బేనని పెద్ద డాక్టరు కళ్ళు మెరిశాయి.

"రేపు పొద్దున్నే ఆపరేషన్. భయమా?"

"చేసెయ్యండి బాబూ," అన్నాడు తాత. ఆ ఇంటికన్నా కత్తే నయమనిపించింది.

సరిగ్గా అప్పుడే అల్లుడుగారు వచ్చి, పెద్ద డాక్టరుగారి బూట్లమీద తీరిగ్గా ధార వదిలారు. వార్డంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది.

"తెలిసి కూడా చెప్పలేదేం తాతా?" అంది నర్సు, నవ్వాపుకోలేక.

"ఎలా ఉన్నావని అడిగేవాళ్ళున్నారు కదా తల్లీ, ఇక్కడ."

నర్సు నవ్వు ఆగిపోయింది. డాక్టరు మాత్రం తాత భుజం తట్టాడు. "గుండ్రాయిలా ఉన్నావయ్యా! హాయిగా ఇంటికెళ్ళు."

సంచీ సర్దుకుని తాత మంచం అంచున కూర్చున్నాడు. తల వంచుకుని చప్పుడు లేకుండా ఏడ్చాడు. చుక్కలు నేలమీద పడ్డాయి. ఆయా గుడ్డ తెచ్చి వాటినీ తుడిచింది.

గుమ్మం దగ్గర్నుంచి నర్సు అడిగింది. "మళ్ళీ అల్లుడుగారేనా?"

"ఆయనేనమ్మా," అంది ఆయా.

అల్లుడుగారు అప్పుడు కింది అంతస్తులో హైడ్రోజన్ నింపించుకుంటున్నారు.