మా బావ పేరు మీద నా రక్తం

ఒక పెద్ద అడవిలో, వాగు రెండుగా చీలేచోట, ఒక నడివయసు ఎలుగుబంటి ఉండేది. పేరు జోగినాథం. ఆ ఎలుగుబంటిని నేనే.

మా అడవిలో దూరాన ఉన్నవాళ్ళకి కబురు పంపాలంటే చిలక చెవిలో చెప్పాలి. అది వెళ్ళి మనం చెప్పింది చెప్పినట్టు, మధ్యలో దగ్గితే ఆ దగ్గుతో సహా, వినిపిస్తుంది. మిగతావాళ్ళు రెండు ముక్కల్లో తేల్చేస్తారు. నావి ఆరు నిమిషాలకి తగ్గవు. నేను వస్తుంటే చిలకలు కొమ్మ మారతాయి.

మా చెల్లెలు మంగతాయి భర్త బంగారయ్య, అంటే మా బావ. పోయిన వానాకాలం ఆయన కాలేయంలో గడ్డ ఉందని, అది క్యాన్సరని కొంగ డాక్టరమ్మ చెప్పింది. కోసి తియ్యడానికి వీల్లేని చోట ఉందంది. ఉన్న మందు వాడారు. గడ్డ మాత్రం పెరుగుతూనే ఉంది.

నేను ఊరుకుంటానా. ఎనభై చిలకల్ని పంపాను, మా బావకి ఏదైనా దారి చెప్పండని. జవాబులు కుప్పలుగా వచ్చాయి. అన్నీ ఆకులే. వాటిలో అడవిదున్న చెప్పిన చేదాకు పసరు నాకు బాగా నచ్చింది. నచ్చక ఏం చేస్తుంది, అంతకుముందు నెల దానికి ఆ పసరు గురించి చెప్పింది నేనే.

రోజూ పొద్దున్నే రెండు దొప్పల పసరు నూరేవాణ్ణి. ఒకటి బావకి. ఆయనకి తోడుగా ఉంటుందని రెండోది నేను తాగేవాణ్ణి.

"తాగావా బావా?"

"నువ్విలా తిరిగావో లేదో, దొప్ప ఖాళీ అయిపోయిందయ్యా" అనేవాడు.

అలా మూడు నెలలు గడిచాక మంగతాయి ఒకరోజు అంది, "అన్నయ్యా, ఆసుపత్రిలో కొత్త మందు పరీక్షిస్తున్నారట. క్లినికల్ ట్రయల్ అంటారట. మీ బావని చేర్చుకుంటారేమో అడుగుదామా?"

"ఎవరు చెప్పారమ్మా నీకు?"

"డాక్టరమ్మే. పాత మందు పనిచెయ్యట్లేదన్న రోజే చెప్పింది. అప్పుడు నువ్వు మాట్లాడుతున్నావు."

పరిగెత్తాం. పేర్లు రాసుకునే ముంగిస బల్ల ముందు ఒక ఎలక కూర్చుని ఉంది. బావ నా చెవిలో గొణిగాడు, "మన మీద ప్రయోగాలు చేస్తారటయ్యా."

ఎలకకి వినపడింది. "ముందు మా వీధివాళ్ళ మీద చేశారులెండి. మీకు కనీసం అడిగి సంతకం పెట్టించుకుంటున్నారు" అంది.

"ఎవరి సిఫార్సు తేవాలమ్మా?" అని ముంగిసని అడిగాను.

"సిఫార్సు అక్కర్లేదు. రక్తం కావాలి. గడ్డ ఉన్నా కాలేయం ఇంకా ఒక మోస్తరుగా పనిచేస్తూ ఉండాలి. ఇంకొక్కరినే తీసుకుంటాం, పౌర్ణమితో ఆఖరు. ఆయన ఆకులు, పసర్లు ఏమైనా తాగుతున్నారా?"

"అబ్బే" అన్నాను, బావ నోరు తెరిచేలోపే. పసరంటే మందా ఏంటి, ఆకే కదా.

నాకు దిగులల్లా ఆ రక్తం గురించే. బావ కళ్ళు పచ్చగా ఉన్నాయి. ఆ ఒక్క చోటూ పోతే ఇంక వేరే మందు లేదు. పరీక్షంటే పాసవ్వాలి. పాసవ్వాలంటే గట్టివాడు రాయాలి. మా ఇంట్లో గట్టివాడు ఎవరు? రోజూ పసరు తాగి, అడవికంతా ఆరోగ్య సలహాలు పంపేవాడు.

మర్నాడు మధ్యాహ్నం రక్తం తీసుకెళ్ళడానికి దోమ ఇంటికొచ్చింది. బావని, మంగతాయిని తేనె కోసమని బయటికి పంపేసి, గుహలో చీకటి మూల నేను పడుకున్నాను.

"బంగారయ్యగారేనా?"

"నేనే."

"మీ ఎలుగులన్నీ నాకు ఒకేలా కనపడతాయండి" అంటూ దోమ కుట్టింది. కుట్టి, మొహం వికారంగా పెట్టింది. "అదేంటండీ, ఇంత చేదుగా ఉంది" అంటూ వెళ్ళిపోయింది.

పౌర్ణమి నాడు డాక్టరమ్మ ఒంటికాలి మీద నిలబడి కాగితం చదివింది. "బంగారయ్యగారూ, మిమ్మల్ని తీసుకోలేం. కాలేయం బాగా దెబ్బతిని ఉంది. గడ్డ వల్ల కాదు. నెలల తరబడి ఏదో పసరు తాగినట్టున్నారు."

"ఒక్క చుక్క కూడా తాగలేదండీ" అన్నాడు బావ. "మా బావమరిది నొచ్చుకుంటాడని, గుహ వెనక జామమొక్కకి పోసేవాణ్ణి. అదీ ఎండిపోయింది."

మంగతాయి ఏడవలేదు. ఆయన చెయ్యి పట్టుకుని, "పోదాం పదండి" అంది.

నా జీవితంలో మొదటిసారి రెండు ముక్కల్లో తేల్చేశాను. "ఆ రక్తం నాది."

అందరూ నా వైపు చూశారు. బెంచీ మీద ఎలక కూడా.

"జోగినాథంగారూ," అంది డాక్టరమ్మ, "ఇది పాసవ్వడానికి పెట్టే పరీక్ష కాదండీ. ఈ ఒంటికి ఈ మందు తట్టుకునే శక్తి ఉందో లేదో తెలుసుకోవడానికి. మీ రక్తం బాగుండి ఉంటే ఏమయ్యేదో తెలుసా? ఆయన తట్టుకోగలరో లేదో తెలియకుండానే మందు ఎక్కించేవాళ్ళం."

అక్కడికక్కడే దోమని పిలిచి, తన కళ్ళముందే బావ రక్తం తీయించింది. సాయంత్రానికి ఫలితం వచ్చింది. ఒక మోస్తరుగా ఉంది. ఆ ఒక మోస్తరే వాళ్ళకి కావాల్సింది.

"తగ్గుతుందని మాటివ్వను" అని బావతో చెప్పింది. "వద్దనుకుంటే ఏ రోజైనా మానెయ్యొచ్చు. రేపటిదాకా మీ చోటు ఆపి ఉంచుతాను. ఇంటికి తీసుకెళ్ళి, ఎవరూ మాట్లాడని చోట కూర్చుని, ఈ కాగితం చదువుకుని రండి." ఆ మాట అంటున్నప్పుడు నన్నే చూసింది.

బావ చదువుకున్నాడు, చేరాడు. గడ్డ తగ్గలేదు, పెరగనూ లేదని మొన్న చెప్పారు. మంగతాయి ఆ ఒక్క వాక్యాన్ని రోజుకి పదిసార్లు చెప్పుకుంటోంది.

పదిహేను రోజులకోసారి ఇద్దరం కలిసే వెళ్తున్నాం. ముంగిస మొదట నా పేరే పిలుస్తుంది, నా కాలేయమే ఎక్కువ పాడైందట.

"నీకు తోడుగా నేనొస్తాన్లేవయ్యా" అంటాడు బావ.

నీతి: పక్కవాడి కాలేయం గురించి ఆరు నిమిషాలు మాట్లాడగలిగినవాడు, ముందు వాడి పేరు మీదైనా సరే, తన రక్తం ఒకసారి పరీక్ష చేయించుకోవాలి.