మిసెస్ పెల్ చెప్పులు విప్పిన రోజు

...అలా కాదు తల్లీ, ముందు మనిషి సంగతి రాసుకో, డబ్బు సంగతి తర్వాత. మనిషి పేరు లయొనెల్ ప్రీవిట్. నలభై మూడేళ్ళు. న్యూయార్క్‌లో పిల్లలకు లెక్కలు చెప్పే ఉద్యోగం వదులుకుని, మాన్‌హట్టన్‌లో మిసెస్ పెల్ మదుపు సంస్థలో చేరాడు. ఆరు నెలలు పని చూసి అప్పుడు ఖాయం చేస్తామన్నారు. ఆ గడువు శుక్రవారంతో సరి. ఇది బుధవారం మాట.

అక్కడ షేర్లు కొనేదీ అమ్మేదీ కంప్యూటరే. మూడు వేల కంపెనీల పాత లెక్కలు తిరగేసి, ఏది చవగ్గా ఉందో, ఏది పైకొస్తోందో అదే తేలుస్తుంది. మనిషికి భయం ఉంటుంది, ఆశ ఉంటుంది, లెక్కకి రెండూ లేవని మిసెస్ పెల్ సిద్ధాంతం. "లెక్క లేని మాట నా దగ్గర ఎత్తొద్దు" అనేది. అరవై ఎనిమిదేళ్ళ ఆవిడ ముందు బ్యాంకుల పెద్దలు కూడా కుర్చీ అంచునే కూర్చునేవారు.

ఆ కంప్యూటర్ కోసం లయొనెల్ కట్టిన సూత్రాలన్నీ వరసగా బోర్లాపడ్డాయి. ఇక మిసెస్ పెల్‌నే గురువనుకుని, ఆవిడను చూసి నేర్చుకోవడమే దారి అనుకున్నాడు. గురువు గదికి గాజు గోడలు. ఆవిడ ఎప్పుడు తింటుంది, ఎప్పుడు లేస్తుంది, అన్నీ పదకొండు వారాలు రాశాడు. బల్లకింద ఆవిడ చెప్పు మడమ నుంచి జారి బొటనవేలికి వేలాడిన రోజులు ఇరవై మూడు. అందులో పంతొమ్మిది రోజులు మార్కెట్ పడింది! ఆవిడకు ఏదో ముందే తెలుస్తోంది, అది కాళ్ళలోంచి బయటపడుతోంది అని తేల్చుకున్నాడు.

ఆ ఉదయం అతను అనుకున్న పని చిన్నదే. బేగెల్ రొట్టె తినడం, ఈ లెక్కను చక్కగా ఒక కాగితం మీదికి ఎక్కించడం, శుక్రవారం ఆవిడ ముందు పెట్టడం. సగం తిన్నాక తలెత్తాడు. మిసెస్ పెల్ చెప్పులు రెండూ విప్పేసి, ఉత్త కాళ్ళతో కాఫీ మెషీన్ వైపు నడిచి వస్తోంది.

మనమైతే ఎవరో భోజనానికి లేచారనుకుంటాం. అక్కడ మాత్రం అది ఇల్లంటుకున్నంత పని. వేలాడితేనే మార్కెట్ పడుతుంటే, మొత్తం ఊడిపోతే? లయొనెల్ మిగిలిన బేగెల్ పక్కకి నెట్టేశాడు.

పక్క బల్ల బెర్నీస్‌ది. కంప్యూటర్ చెప్పిన బేరాలను మార్కెట్‌కు పంపేది ఆమే. కంప్యూటర్ మాట కాదనే హక్కు ఒక్క మిసెస్ పెల్‌కే ఉంది. ఇరవై ఏళ్ళలో ఆవిడ ఎన్నడూ కాదనలేదు.

"ఏం మాస్టారూ, మొహం సుద్దముక్కలా ఉంది? ఎవరైనా కొట్టారా?"

"ఆవిడ... ఆవిడ చెప్పు..."

అంతలో మిసెస్ పెల్ కప్పు పట్టుకుని సరిగ్గా అతని వెనక్కి వచ్చింది. మిగతా మాట గొంతులోనే ఉండిపోయింది. బెర్నీస్ చెవికి అది "ఆవిడ చెప్పింది" అని అందింది. ఆ మొహం చూశాక కొనడమా అమ్మడమా అని అడగక్కర్లేకపోయింది.

"ఎంతవరకు?" అంది బెర్నీస్ గుసగుసగా, మేడమ్ గదిలోకి వెళ్ళాక.

"పూర్తిగా!"

"సగమైనా ఉంచలేదా?"

"ఎప్పుడూ సగమే కదా! ఇవాళ మొత్తం!"

బెర్నీస్ శిలువ గుర్తు వేసుకుని మీటలు నొక్కడం మొదలుపెట్టింది. పది నిమిషాల్లో సంస్థ చేతిలోని షేర్లన్నీ తరిగిపోవడం మిసెస్ పెల్ తన గదిలోంచి చూసింది. ఉత్త కాళ్ళతోనే పరుగున వచ్చింది.

"బెర్నీస్, ఇదేమిటి?"

"మొత్తం మేడమ్. అన్నట్టే."

అన్నది కంప్యూటర్ అనుకుంది మిసెస్ పెల్. లెక్కకి అడ్డు రాకూడదన్నది తన సొంత మాటే. నలభై మంది తననే చూస్తున్నారు. "మంచిది" అంది. వెనక్కి తిరిగి తన గదిలోకి వెళ్ళిపోయింది.

లయొనెల్‌కి అప్పుడు అర్థమైంది. తన నోట్లోంచి జారిన సగం మాటకి తొంభై కోట్ల డాలర్ల షేర్లు బజారుపాలయ్యాయి. ఆ తర్వాత గంటసేపు మార్కెట్ పైకే పోయింది. అది ఎక్కుతున్నకొద్దీ అతను కుర్చీలో కిందికి జారాడు. రాజీనామా రాయబోయి తేదీ దగ్గరే ఆగిపోయాడు. శుక్రవారం దాకా ఆగకుండా ఇవాళే పంపేస్తారు, బడిలో పాత కుర్చీ ఎప్పుడో పోయింది, ఇంట్లో ఏమని చెప్పడం?

పదకొండూ నలభైకి మార్కెట్ నేల కరిచింది. షేర్ల బజారంతా తలపట్టుకుంటే వీళ్ళ చేతిలో నిక్షేపంలా నగదు. ఆఫీసులో జనం చప్పట్లు కొట్టారు. మిసెస్ పెల్ మాత్రం లయొనెల్‌ని లోపలికి పిలిచి తలుపు వేసింది.

"మాట నీ ద్వారా వచ్చిందంటోంది బెర్నీస్. ఏ లెక్క అది? చూపించు."

కాగితం ఇచ్చాడు. ఆవిడ చదివింది. మళ్ళీ చదివింది.

"ఇది నా కాలా?"

"అవును మేడమ్. మీకు ముందే తెలిసిపోతుందని..."

"నా మడమకి ఆనెకాయ ఉందయ్యా! చెప్పు కరుస్తుంది. ఇవాళ మరీ కరిచింది. అంతే!"

ఆవిడ గోడ గడియారం చూసింది.

"రెండింటికి టీచర్ల పింఛను నిధి వాళ్ళొస్తున్నారు. ఎలా పసిగట్టారని అడుగుతారు. ఏం చెప్పను, ఆనెకాయ అని చెప్పనా? ఇది బయటికి పొక్కితే సాయంత్రానికి ఒక్క డాలరు మిగలదు."

"నన్ను తీసేస్తారా మేడమ్?"

"తీసేస్తే ఎదురు భవనంలో పోటీ సంస్థలో చేరి ఈ కాగితం పరుస్తావు. ఉద్యోగం ఖాయం. నోరు విప్పకుండా నా కళ్ళెదుట పడుండు."

రెండింటికి వాళ్ళొచ్చారు. మిసెస్ పెల్ బిగించి చెప్పులు తొడుక్కుని, పళ్ళ బిగువున కూర్చుంది. ఎలా పసిగట్టారంటే "లెక్క" అని ఒక్క మాట అంది. ఆ మొహంలో బాధ చూసి వాళ్ళు అదంతా మేధస్సే అనుకున్నారు. ఇప్పటిదాకా అప్పగించిన డబ్బుకి రెట్టింపు అప్పగిస్తామని సంతకం పెట్టారు. సాగనంపుతూ లయొనెల్ వాళ్ళలో ఒకాయన నోటు పుస్తకంలోకి తొంగిచూశాడు. 'పెల్: కళ్ళజోడు నాలుగుసార్లు తుడిచింది' అని రాసుకుంటున్నాడాయన.

ఇక్కడితో ఆపు తల్లీ. దీన్ని మీ బాబాయికి చదివి వినిపించు. టీవీలో పెద్దమనిషి ఏ కంపెనీ పేరు దగ్గర దగ్గితే ఆ షేర్లు బాబాయి అమ్మేస్తున్నాడట.