ఎనిమిదో అటక

మనిషికి సేవ చేయాలనే బుద్ధి ఎక్కణ్ణుంచి పుడుతుందో నాకు తెలియదు. నాకు మాత్రం అటక మీంచి పుట్టింది. నవ్వకండి, వినండి.

ఆ శనివారం సాయంత్రం మా ఆవిడ మామూలు గొంతుతోనే అంది.

"రేపు కాక పై ఆదివారం నాన్న వస్తున్నారు. రేపు అటకెక్కి పరుపు దించండి. పనిలో పనిగా అటక కూడా దులిపేయండి."

అదొక్కటే కుదరని పని. ఎందుకంటే ఆ పరుపు వెనకాల, అట్టపెట్టెలో, మా మామగారి రేడియో ఉంది. బతికున్న రేడియో కాదు.

నేను కరెంటు ఆఫీసులో గుమాస్తాని. పద్దెనిమిదేళ్ళుగా ఫైళ్ళు తప్ప వైరు ముట్టుకున్న పాపాన పోలేదు. కానీ కరెంటు ఆఫీసులో ఉన్నవాడికి కరెంటు తెలిసి తీరాలని మా మామగారి నమ్మకం. ఆర్నెల్ల క్రితం "కాస్త గరగరమంటోంది, చూడండి అల్లుడుగారూ" అని ఆ రేడియో నా చేతిలో పెట్టారు. అత్తగారు పోయాక పొద్దున లేవగానే ఆయనతో మాట్లాడేది అదొక్కటే.

చూశాను. విప్పాను. మళ్ళీ బిగించేసరికి నాలుగు మరలు మిగిలాయి. రేడియో గరగర మానేసింది. దాంతోపాటు మాట, పాట కూడా మానేసింది.

ఇంట్లో మాత్రం "మెకానిక్ దగ్గరుంది, ఏదో పార్టు రావాలట" అని చెప్పాను. ఆ పార్టు ఆర్నెల్లుగా వస్తూనే ఉంది. మామగారి ఫోను మోగినప్పుడల్లా నేను స్నానాలగదిలో దూరేవాణ్ణి. ఈ ఆర్నెల్లలో నా అంత శుభ్రమైన మనిషి మా బిల్డింగులో లేడు.

"రేపు కుదరదోయ్" అన్నాను గంభీరంగా. "రేపట్నుంచి రోజూ ఓ గంట పరుల సేవకి ఇవ్వాలని నిర్ణయించుకున్నాను. సేవ అనేది రోజువారీ జీవితంలో భాగం కావాలి. పళ్ళు తోముకోవడంలాగా."

"అదీ రోజూ నేనే గుర్తుచేయాలి" అంది.

నా పథకం చిన్నదే. సేవ వంకతో పాత సామాన్లు ఎవరికో ఇస్తున్నట్టు పెట్టెని బయటికి దాటించి, నిజం మెకానిక్కి చూపించాలి.

"అంటే మన అటక పరులది కాదు కాబట్టి సేవ కిందికి రాదంటారు" అంది మా ఆవిడ.

"రాదు. స్వార్థం కిందికొస్తుంది."

"నిజమే. ఎదురింటి బామ్మగారి అటక వస్తుందిగా? పాపం, మూడేళ్ళుగా దులిపే దిక్కులేదు. నేను దులుపుదామంటే ఎత్తెక్కితే కళ్ళు తిరుగుతాయాయె."

ఒక్క అటకే కదా అని ఆదివారం ఎక్కాను. ఆ దుమ్ములో బామ్మగారి భర్త వాడిన పాత గొడుగు దొరికింది. ఆవిడ దాన్ని గదిలోనే విప్పి, దాని కింద నిలబడి చిన్నపిల్లలా నవ్వింది. నాకు నిజంగానే సంతోషం వేసింది. కానీ ఆ గొడుగు సంగతి బామ్మగారు బిల్డింగంతా చెప్పింది. అక్కడితో నా కొంప మునిగింది.

సోమవారం కింది అంతస్తు మాస్టారు పిలిచారు. రిటైరై పదేళ్ళయినా దిద్దడం మానలేదు. కింద నిలబడి వేలు చూపిస్తూ ఒకే మూల నాచేత మూడుసార్లు దులిపించారు. మంగళవారం టైలరు అటక మీద గుడ్డముక్కల మూట నా నెత్తిన పిగిలింది. ఏడు రంగుల్లో ఇంటికొచ్చాను.

"ఈ రోజు సేవ బాగా కుదిరినట్టుంది" అంది మా ఆవిడ.

మా బిల్డింగులో మొత్తం ఎనిమిది ఇళ్ళు. శుక్రవారానికి తుమ్ము లేకుండా నాకు మాట పూర్తయ్యేది కాదు. పెట్టె దాటించడానికి గంట కాదు కదా, నిమిషం దొరకలేదు.

శనివారం ఏడో అటక దిగుతుండగా టైలరు నిచ్చెన పట్టుకుని అన్నాడు.

"మా అందరి అటకలూ దులిపారు సార్. రేపు పొద్దున్నే మేమంతా వచ్చి మీ అటక దులిపేస్తాం. సేవ రోజువారీ జీవితంలో భాగం కావాలని మీరే అన్నారటగా!"

"ఎవరు చెప్పారు?"

"చెల్లెమ్మగారే."

ఆదివారం ఏడింటికల్లా మా హాల్లో నలుగురు మగవాళ్ళు, రెండు నిచ్చెనలు. దుమ్ము పడకుండా గొడుగేసుకుని బామ్మగారు. టైలరు అప్పుడే మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. నేను అతన్ని పక్కకి లాగేశాను.

"నా అటక జోలికి ఎవరూ రావద్దు!" అని అరిచి, లుంగీ బిగించి పైకి పాకాను.

"చూశారా? చేయడమే తప్ప చేయించుకోవడం తెలియని మనిషి" అన్నారు మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

పరుపు వెనకాల చెయ్యి పెట్టి పెట్టెని లాగాను. తేలిగ్గా వచ్చేసింది. విప్పితే లోపల కొత్త దుమ్ముగుడ్డ, ఒక చీటీ ఉన్నాయి. మా ఆవిడ చేతిరాత.

"రేడియో మీరు దాచిన వారానికే అసలు మెకానిక్ దగ్గర బాగయింది. అప్పట్నుంచీ నాన్న దగ్గరే పాడుతోంది. ఎలాగూ ఎక్కారు కదా, మూలలు వదలకుండా దులిపి దిగండి. పరుపు మర్చిపోకండి."

తల కిందికి వంచి చూశాను. "నీకు ఎత్తెక్కితే కళ్ళు తిరుగుతాయిగా?"

"మీరు ఇంట్లో ఉంటేనే తిరుగుతాయి" అంది.

దులిపాను. పరుపు దించి నేనూ దిగేసరికి మామగారు గుమ్మంలో ఉన్నారు. ఒక చేతిలో పాడుతున్న రేడియో, రెండో చేతిలో పెద్ద సంచి.

"ఏం బాగుచేశారు అల్లుడుగారూ! గరగర అన్న మాటే లేదు. వారం రోజులు కూర్చుని మీ చేత్తో మీరే చేశారట కదా, అమ్మాయి చెప్పింది. మీకు చెబుదామని ఎప్పుడు ఫోన్ చేసినా స్నానంలోనే ఉంటారు."

మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ ఫ్యాను వైపు చూస్తోంది. ఆర్నెల్లు నేను ఎవరికి మొహం చాటేశానో ఆయన ముందే ఈవిడ నన్ను మొనగాణ్ణి చేసి నిలబెట్టింది. సిగ్గు, ప్రేమ ఒక్కసారే ముంచుకొచ్చాయి. తుమ్మాను.

"రోజూ ఓ గంట సేవ చేస్తున్నారట కూడాను" అంటూ మామగారు సంచిలోంచి ఒకటొకటిగా నాలుగు రేడియోలు తీసి బల్లమీద పెట్టారు. "మా వీధిలో ముసలివాళ్ళవి. తొందరేం లేదు, రోజుకొకటి చూడండి."

మా ఆవిడ వంటింట్లోకి వెళుతూ నా అరచేతిలో ఏదో పెట్టింది. నా షేవింగ్ డబ్బా అడుగున నేను దాచుకున్న నాలుగు మరలు.

"ఇవి లేకుండానే అది పాడుతోంది" అంది మెల్లగా. "డబ్బా కాస్త పెద్దది కొనుక్కోండి. ఇంకా మిగులుతాయిగా."